2024 ఆల్బమ్‌లు: మొదటి పాట నుంచి చివరి పాట దాకా విన్నదేది, నిరాశపరిచిందేది?

కృష్ణలంక_కార్తీక్
డిసెంబరు 26, 2024, రాత్రి 9:40

ఏడాది అయిపోవస్తోంది కాబట్టి ఎప్పట్లాగే చర్చ మొదలుపెడుతున్నాను. ఈసారి ఒకటే షరతు. ఒక పాట పేరు చెప్పి వెళ్లిపోవద్దు. మొత్తం ఆల్బమ్ గురించి చెప్పండి. నచ్చింది ఒకటి, ఎంతో ఆశ పెట్టుకుంటే నిరాశపరిచింది ఒకటి. ఎందుకో కూడా రాయండి.

నాకు నచ్చింది లక్కీ భాస్కర్. జీవీ ప్రకాష్ కుమార్ ఈ దీపావళికి చేసింది చిన్న పని కాదు. అక్టోబరు 31న ఒకే రోజు ఇటు లక్కీ భాస్కర్, అటు అమరన్ విడుదలయ్యాయి. రెండింటికీ సంగీతం ఆయనే. ఒకటి బ్యాంకు ఉద్యోగి కథ, ఇంకోటి సైనికుడి కథ. ఒకదాని వాసన ఇంకోదానికి అంటలేదు. లక్కీ భాస్కర్ టైటిల్ పాటను ఉషా ఉతుప్ గారితో పాడించాలన్న ఆలోచనకే సగం మార్కులు వేస్తాను. ఆ కాలం డబ్బు, ఆ కాలం ధీమా ఆ గొంతులోనే వచ్చేశాయి. శ్రీమతి గారు పాట మా ఇంట్లో అమ్మకీ నచ్చింది, చెల్లికీ నచ్చింది. మా ఇంట్లో అలా కుదరడం అరుదు.

నిరాశ అంటే కల్కి. సంతోష్ నారాయణన్ అంటే నాకు ప్రాణం, అందుకే రాస్తున్నాను. థియేటర్లో నేపథ్య సంగీతం బాగుంది, థీమ్ ఆఫ్ కల్కి ఇప్పటికీ వింటాను. కానీ ఇంటికొచ్చి ఆల్బమ్‌గా పెట్టుకుంటే మనసు ఎక్కడా ఆనుకోలేదు. కాశీ, శంబల, కాంప్లెక్స్ అని మూడు లోకాలు కట్టారు కదా, మూడింటికీ మూడు రకాల సంగీతం వస్తుందని ఆశపడ్డాను.

మిర్చి_ఘాటు
డిసెంబరు 26, 2024, రాత్రి 10:05

గుంటూరు నుంచి. ముందు నిరాశ గురించే చెబుతాను, నా బాధంతా అక్కడే ఉంది. గుంటూరు కారం.

మా ఊరి పేరు పెట్టుకున్న సినిమా అండి. జనవరి 9న నంబూరు దగ్గర ప్రీ రిలీజ్ ఫంక్షన్ జరిగితే నేనూ మా తమ్ముడూ మధ్యాహ్నమే వెళ్లి నిలబడ్డాం. హైదరాబాద్‌లో కాకుండా మా ఊరి పక్కన పెట్టారని ఎంత సంతోషమో. దమ్ మసాలా అప్పటికే నోటికి వచ్చేసింది. అందులో గుంటూరు పొగరు ఉంది, సంజిత్ హెగ్డే గొంతు సరిపోయింది. కుర్చీ మడతపెట్టి సంగతి చెప్పనక్కర్లేదు, ఏడాదంతా మోగింది, ఇంకా మోగుతోంది. తమన్ గారికి ఊపు తేవడం తెలుసు.

అయితే సినిమా నడిచేది తల్లీకొడుకుల మధ్య. అమ్మ వదిలేసిందన్న కోపంతో పెరిగిన కొడుకు. ఆ బాధను మోసే పాట ఒక్కటి నా మనసులో నిలబడలేదు. ఓ మై బేబీ విన్న రోజు మా తమ్ముడు, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అది ఏ ఊరి సినిమాలోనైనా పెట్టుకోవచ్చు. మా యాస, మా మిర్చి యార్డు, మా ఎండ పాటల్లో ఇంకాస్త ఉండాల్సింది.

నచ్చింది రేపు రాస్తాను, ఇంకా తేల్చుకోలేదు.

హాస్టల్_రూమ్_12
డిసెంబరు 26, 2024, రాత్రి 11:30

ఘాటు అన్నా, మీరు ఓ మై బేబీ పేరు ఎత్తారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. దాన్ని పాడింది శిల్పా రావు, రాసింది రామజోగయ్య శాస్త్రి గారు. ఆగస్టులో వచ్చిన దేవర పాట చుట్టమల్లేను పాడింది కూడా శిల్పా రావే, రాసింది కూడా శాస్త్రి గారే! గాయని మారలేదు, కవి మారలేదు. ఒకటి మీకు నచ్చలేదు, ఇంకోటి రాష్ట్రమంతా పాడుకుంది. మారింది ట్యూన్ ఒక్కటే. దీన్నిబట్టి పాట పోతే పాడినవాళ్లనో రాసినవాళ్లనో తిట్టడం ఎంత తప్పో అర్థమవుతుంది. శాస్త్రి గారు మన పాత గుంటూరు జిల్లా మనిషి, ఆయన్ని అంటే నాకు కష్టంగా ఉంటుంది.

నా ఓటు దేవరకి. అనిరుధ్ నాలుగు పాటలు ఇచ్చాడు. ఫియర్ సాంగ్ సముద్రంలా మీద పడుతుంది, చుట్టమల్లే ఒడ్డున నెమ్మదిగా నడుస్తుంది, దావూదీ డ్యాన్స్ కోసం, ఆయుధ పూజ జాతర కోసం. నాలుగూ నాలుగు రకాలు. మా హాస్టల్లో ఫియర్ సాంగ్ వచ్చిన రోజు గోడలు అదిరాయి.

దేవరలోనే చిన్న నిరాశ కూడా ఉంది. మొదటి రోజు థియేటర్లో దావూదీ లేదు! తర్వాత కలిపారు కానీ మేం అప్పటికే చూసేశాం. మళ్లీ టికెట్ కొనడానికి అందరి దగ్గరా డబ్బులు ఉండవు కదా.

కృష్ణలంక_కార్తీక్
డిసెంబరు 26, 2024, రాత్రి 11:52

తమ్ముడూ, శిల్పా రావు విషయం బాగా పట్టావు. నాకు తట్టనే లేదు. కాకపోతే నాలుగు పాటలను ఆల్బమ్ అనాలా అన్నది నా సందేహం. మే 19న ఒకటి, ఆగస్టు 5న ఒకటి, సెప్టెంబరులో రెండు. నాలుగు నెలల్లో విడివిడిగా విన్నవాటిని ఒక్కటిగా ఎలా లెక్కేస్తాం?

క్లారినెట్_తెనాలి
డిసెంబరు 27, 2024, ఉదయం 6:15

అందరికీ నమస్కారం. నేను బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తాను. మీరంతా విని తీర్పు చెబుతారు, మేం వాయించి చెబుతాం. పాట గట్టిదో కాదో ఊరేగింపులో తెలిసిపోతుంది. మాటలు తీసేసి ఉత్త ట్యూన్ వాయిస్తే జనం గుర్తుపట్టాలి. పక్కన జనరేటర్ మోత, ముందు టపాకాయలు. అన్నిటి మధ్య గుర్తుపట్టాలి.

ఈ ఏడాది మూఢం వల్ల వేసవి చివర్లో మాకు పెళ్లిళ్లు లేవు. మూడు నెలలు చేతిలో పని లేదు. శ్రావణ మాసం మొదలైన రోజే చుట్టమల్లే వచ్చింది. ముహూర్తాలు మొదలయ్యే సరికి మేం సాధన చేసి ఉన్నాం. పెళ్లికూతురిని తీసుకొచ్చేటప్పుడు వాయిస్తే ఆడవాళ్లంతా నవ్వుతూ తలలు ఊపేవాళ్లు. క్లారినెట్ మీద ఆ పాట చాలా అందంగా పలుకుతుంది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ట్యూనే చెబుతుంది. కుర్చీ మడతపెట్టి వాయించని పెళ్లి ఈ ఏడాది లేదు. అయితే దాని బలమంతా డ్రమ్ముల్లోనే ఉంది, క్లారినెట్‌కి పెద్ద పని లేదు.

ఆల్బమ్ అంటే మాత్రం నాకు అంబాజీపేట మ్యారేజి బ్యాండు. ఫిబ్రవరిలో వచ్చింది, శేఖర్ చంద్ర గారి సంగీతం. గుమ్మా పాట అనురాగ్ కులకర్ణి పాడాడు, మా అబ్బాయి రోజూ పాడతాడు. మా పని చేసేవాళ్లను హీరోని చేసి సినిమా తీశారు. పెళ్లిలో మేం అన్నం దగ్గర ఎక్కడ కూర్చుంటామో, మమ్మల్ని ఎలా పిలుస్తారో తెలిసినవాళ్లకే ఆ సినిమా విలువ తెలుస్తుంది. నేను మూడుసార్లు చూశాను.

దేవి_శ్రీ_వీరాభిమాని
డిసెంబరు 27, 2024, ఉదయం 10:20

ఇంతమంది రాశారు, పుష్ప 2 పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఎందుకో నాకు తెలుసు. అందరూ మొదటి పుష్పతో పోల్చి పక్కన పెట్టేశారు. 2021 ఆల్బమ్‌కి దేవి శ్రీ ప్రసాద్‌కి జాతీయ అవార్డు వచ్చింది. దాన్ని మళ్లీ అలాగే చేయమంటే ఎవరివల్లా కాదు.

సూసేకి పాట సరిగ్గా వినండి. భార్య తన మొగుడి గురించి మురిసిపోతూ చెప్పుకునే పాట. చంద్రబోస్ గారి మాటలు ఎంత తేలిగ్గా ఉంటాయో అంత లోతుగా ఉంటాయి. శ్రేయా ఘోషల్ ఆరు భాషల్లోనూ తనే పాడింది. ఇక జాతరలో మహాలింగం పాడిన గంగో రేణుక తల్లి! విజయవాడలో అలంకార్ దగ్గర థియేటర్లో చూస్తుంటే నా వెనక సీట్లో పెద్దావిడ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నా ఒళ్లు జలదరించింది. అలాంటి పాట ఈ ఏడాది ఇంకోటి చూపించండి.

కృష్ణలంక_కార్తీక్
డిసెంబరు 27, 2024, ఉదయం 10:48

జాతర పాట విషయంలో మీతో ఏకీభవిస్తాను. సూసేకి కూడా మంచి పాటే. కానీ మొదటి పుష్పలో అడవి ఉంది, చిత్తూరు మట్టి ఉంది. ఈ ఆల్బమ్‌లో కిస్సిక్, పీలింగ్స్ వింటుంటే ముందు స్టెప్పు అనుకుని తర్వాత పాట చేసినట్టుంది. పదిహేను సెకన్ల రీల్‌కి పనికొచ్చే ముక్క ఎక్కడుందో మనకే తెలిసిపోతుంది.

దేవి_శ్రీ_వీరాభిమాని
డిసెంబరు 27, 2024, ఉదయం 11:02

రీల్స్ కోసం చేశారన్న మాట నేను ఒప్పుకోను. జనం డ్యాన్స్ చేసుకోవడానికి పాట చేయడం తప్పెలా అవుతుంది కార్తీక్ గారూ? మీరే ఒక సంగతి గమనించండి. సినిమా ఆగస్టు 15న రావాలి. అందుకే మేలో రెండు పాటలు వదిలారు. సినిమా డిసెంబరు 5కి జరిగింది. కిస్సిక్ నవంబరు 24న, పీలింగ్స్ డిసెంబరు 1న వచ్చాయి. మధ్యలో ఆరు నెలల ఖాళీ. సూసేకి పాతబడిపోయాక పీలింగ్స్ వచ్చింది. అన్నీ ఒకేసారి వచ్చి ఉంటే మీరు ఈ మాట అనేవారు కాదు. దేవర కూడా అంతే, ఏప్రిల్ అన్నారు, సెప్టెంబరు 27కి వచ్చింది.

సైడ్_బి
డిసెంబరు 27, 2024, మధ్యాహ్నం 2:30

వీరాభిమాని గారు అసలు విషయం దగ్గరికి వచ్చారు కాబట్టి నేనూ రాస్తాను. నా వయసు 61. విజయవాడ గవర్నర్‌పేటలో మెట్లెక్కి పైకి వెళ్తే చిన్న గది, అందులో నా క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. రెండు డబుల్ డెక్ టేప్ రికార్డర్లు, గోడనిండా క్యాసెట్లు. జనం కాగితం మీద పాటలు రాసుకొచ్చి ఇచ్చేవారు, సాయంత్రానికి ఎక్కించి ఇచ్చేవాణ్ణి.

అరవై నిమిషాల టేపులో వైపుకి ముప్ఫై నిమిషాలు. తొంభైది అయితే నలభై ఐదు. పాటల నిడివి కలిపి లెక్క వేసుకోకపోతే చివరి పాట మధ్యలో తెగిపోతుంది. తెగితే కస్టమర్ ఊరుకోడు, నాకూ నిద్ర పట్టేది కాదు. అందుకని ఏ పాట తర్వాత ఏది పెడితే బాగుంటుందో రోజూ ఆలోచించేవాణ్ణి. హుషారు పాట వెంటనే విషాదం పెట్టకూడదు. ఒక వైపు ముగిసేటప్పుడు వినేవాడికి క్యాసెట్ తిప్పాలనిపించాలి.

కంపెనీ క్యాసెట్లూ అంతే. సినిమా కంటే ముందు ఆడియో వచ్చేది. ఐదారు పాటలు ఒక్కసారే చేతికి వచ్చేవి. పోస్టర్‌లో ఉన్న పాట కోసం కొంటాం, కానీ ముందుకి తోస్తే టేపు పాడవుతుందన్న భయంతో అన్నీ వింటాం. నెల తిరిగేసరికి మనకి ఇష్టమైన పాట మారిపోయేది. మొదట్లో ఎవరూ పట్టించుకోని రెండో వైపు మూడో పాట ప్రాణమయ్యేది. అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. ఇప్పుడు ఏ పాట ముందు వినాలో వాళ్లే చెప్పి నెలకొకటి వదులుతున్నారు. ఆలస్యంగా నచ్చే పాటకి చోటు లేకుండా పోయింది. ఈ ఏడాది నా అసలు నిరాశ ఇదే, ఏ ఒక్క సంగీత దర్శకుడి మీదా కాదు.

పేరు చెప్పాలి అంటారు కాబట్టి, డబుల్ ఇస్మార్ట్. మణిశర్మ గారు బందరులో పుట్టినవారు, మన కృష్ణా జిల్లా. ఆయన క్యాసెట్లు నా షాపు అద్దె కట్టాయి. 2019లో ఇస్మార్ట్ శంకర్‌తో కుర్రాళ్లను కూడా ఊపేశారు. ఈసారి ఆ సందడే ఉంది, ఆ మెలోడీ లేదు. ఆయన దగ్గర నుంచి ఒక్క మెలోడీ అయినా ఆశించే హక్కు నాకుంది.

నచ్చింది 35 చిన్న కథ కాదు. వివేక్ సాగర్. లెక్కలు రాని పిల్లాడు, వాళ్లమ్మ. అరవని సంగీతం. రాత్రి దీపం తీసేశాక పెట్టుకుని చివరిదాకా విన్నాను.

వీణ_టీచర్_సత్యనారాయణపురం
డిసెంబరు 27, 2024, సాయంత్రం 5:10

సైడ్ బి గారూ, మీ షాపు నాకు గుర్తుందనే అనుకుంటున్నాను. మెట్ల పక్కన సోడా బండి ఉండేది కదా? బాలమురళి గారి కచేరీ టేపు ఒకటి అక్కడే కాపీ చేయించుకున్నాను. ఆయన మా విజయవాడ సంగీత కాలేజీకి తొలి ప్రిన్సిపాల్ అని మా గురువు గారు పదేపదే చెప్పేవారు, ఆ గర్వంతోనే కొనుక్కున్నాను.

నా ఆల్బమ్ ఈ ఏడాదిది కాదు, కార్తీక్ గారు క్షమించాలి. జాకిర్ హుస్సేన్ గారు తబలా వాయించిన శక్తి బృందం చేసిన దిస్ మొమెంట్. 2023లోనే వచ్చింది. నలభై ఐదేళ్లకు పైగా తర్వాత వాళ్లు స్టూడియోలో చేసిన ఆల్బమ్ అది. ఈ ఫిబ్రవరిలో గ్రామీ వచ్చింది. ఆ రాత్రి జాకిర్ హుస్సేన్ గారికి మొత్తం మూడు గ్రామీలు వచ్చాయి. డిసెంబరు 15న ఆయన వెళ్లిపోయారు. ఆ వారమంతా పాఠం అయిపోయాక పిల్లలతో కలిసి ఆ ఆల్బమే విన్నాం. ఘటం, కంజీర, తబలా మాట్లాడుకుంటుంటే ఎవరు ఎప్పుడు ఆగి ఎదుటివారికి చోటిస్తున్నారో పిల్లలకు చూపించాను. ఆగడం నేర్చుకోవడానికి పదేళ్లు పడుతుంది.

నిరాశ సంగతికి వస్తే, ఈ ఏడాది సినిమా పాటల్లో చాలా గొంతులు ఒకేలా వినిపించాయి. శ్రుతిని యంత్రంతో సరిచేసి సరిచేసి నున్నగా గీకేస్తున్నారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారేటప్పుడే కదా గొంతు ఎవరిదో తెలిసేది. ఆ జారుడే తీసేస్తే ఏం మిగులుతుంది? నా దగ్గర నేర్చుకునే పిల్లలు అద్భుతంగా పాడుతూ, రికార్డింగ్‌లో వాళ్ల గొంతు విని "బాగోలేదు టీచర్" అంటున్నారు. యంత్రంతో పోల్చుకుంటున్నారు. నాకు నిజంగా బాధగా ఉంది. డిసెంబరు మొదట్లో తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కృష్ణవేణి సంగీత నీరాజనం జరిగితే వాళ్లను తీసుకెళ్లాను, మనిషి గొంతు ఎలా ఉంటుందో దగ్గర నుంచి విననీ అని.

మిర్చి_ఘాటు
డిసెంబరు 27, 2024, రాత్రి 8:45

టీచర్ గారూ, మీరు చెప్పింది చదివాక గోదారి గట్టు పాట మళ్లీ విన్నాను. సంక్రాంతికి రాబోయే సినిమాలోది, భీమ్స్ ట్యూన్. రమణ గోగుల ఎన్నో ఏళ్ల తర్వాత పాడాడు. ఆ గొంతులో గరుకు అలాగే ఉంది, ఎవరూ గీకలేదు. అందుకే నెల రోజుల్లో ఊరూరా పాకింది. ఇదింకా ఆల్బమ్ కాదు, 2025 లెక్కలోకి వెళ్తుంది. లేదంటే కళ్లు మూసుకుని ఓటు వేసేవాణ్ణి.

నచ్చింది ఇవాళ తేల్చాను. టిల్లు స్క్వేర్. రామ్ మిర్యాల టికెట్టే కొనకుండా పాడుతుంటే పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది. చౌరస్తా బ్యాండు రోజుల నుంచి వింటున్నాను.

సింగ్‌నగర్_సుధ
డిసెంబరు 28, 2024, ఉదయం 7:30

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుని చివరికి రాస్తున్నాను.

నా ఆల్బమ్ హనుమాన్. జనవరిలో వచ్చింది. గౌర హరి, అనుదీప్ దేవ్, కృష్ణ సౌరభ్ ముగ్గురూ చేశారు. సినిమా చూసినప్పుడు బాగుందనుకున్నాను, అంతే. మా బాబుకి ఆరేళ్లు, వాడికి సూపర్ హీరో హనుమాన్ పాట పిచ్చి. వాడి గోల పడలేక ఆ సినిమా పాటలన్నీ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టాను. నా ఫోన్‌లో నెట్ లేకుండా మోగే పాటలు అవే.

సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు తెల్లారేసరికి గుమ్మంలోకి వచ్చాయి. మేం కింది వాటాలో ఉంటాం. బియ్యం డబ్బా, గ్యాస్ సిలిండరు, సర్టిఫికెట్లు పైకి చేర్చేసరికి నీళ్లు నడుముదాకా ఉన్నాయి. నాన్నని ఇద్దరు పట్టుకుని పైకి ఎక్కించారు. పై వాటావాళ్ల గదిలో, డాబా మీద కలిపి పద్నాలుగు మందిమి. కరెంటు లేదు. సిగ్నల్ వస్తే వస్తుంది, లేకపోతే లేదు. మర్నాడు డ్రోన్ వచ్చి పొట్లాలు దించింది, అది చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు.

రాత్రిళ్లు చాలా కష్టంగా గడిచాయి. చీకటి, నీళ్ల చప్పుడు, కుక్కల ఏడుపు. బాబు భయపడి ఏడుస్తుంటే ఫోన్‌లో ఒక్క పాట పెట్టేదాన్ని. ఛార్జింగ్ అయిపోతుందన్న టెన్షన్. రోజుకి ఒక్కసారే, రాత్రి ఎనిమిదింటికి అని నియమం పెట్టుకున్నాం. మొదటి రోజు వాడి పాట ఒక్కటే. రెండో రోజు పక్కింటి మామ్మగారు శ్రీరామదూత స్తోత్రం ఉందా అని అడిగారు. మూడో రోజు పూలమ్మే పిల్ల కూడా పెట్టమన్నారు కుర్రాళ్లు. అలా వరసగా ఆ ఆల్బమ్ మొత్తం విన్నాం, అవతలి డాబా వాళ్లు కూడా సౌండ్ పెంచమని కేకేశారు. సైడ్ బి గారు చెప్పిన మాట నిజమండి. ఎప్పుడూ దాటేసే పాటలు ఆ రాత్రిళ్లు విన్నాను. ఏది ఎక్కడ మొదలవుతుందో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది.

నిరాశ గురించి అడిగారు. నీళ్లు తగ్గాక కిందికి దిగితే నాన్న క్యాసెట్ల పెట్టె బురదలో ఉంది. దాదాపు మూడు వందలు. ముప్ఫై ఏళ్లుగా దాచుకున్నవి. సగం ఆయన రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని ఆకాశవాణి నుంచి ఎక్కించినవి. అవి ఇంకెక్కడా దొరకవు. పారేద్దామంటే ఒప్పుకోలేదు. కడగకుండా అలాగే గోనెసంచిలో కట్టి డాబా మీద పెట్టాం. నాలుగు నెలలైంది. ఈ ఏడాది కొత్త ఆల్బమ్‌లు వినబుద్ధి కాలేదు, అందుకని వాటి మీద నేను తీర్పు చెప్పలేను.

కృష్ణలంక_కార్తీక్
డిసెంబరు 28, 2024, ఉదయం 7:58

సుధ అక్కా, ఆ వారం మేం కరకట్ట గోడ దగ్గర నిలబడి కృష్ణ వైపే చూస్తూ ఉన్నాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందంటే ఊపిరి బిగబట్టుకున్నాం. నీళ్లు మీ వైపు నుంచి వచ్చాయి. మీరు రాసినందుకు థాంక్స్ అక్కా.

సైడ్_బి
డిసెంబరు 28, 2024, ఉదయం 8:20

అమ్మా సుధా, ఆ సంచి పారేయొద్దు. ఒక్కటి కూడా పారేయొద్దు. నేను చెప్పేది జాగ్రత్తగా చదువు.

టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత పొడి పూత. నీళ్లు తగిలినంత మాత్రాన పాట పోదు. పాట పోగొట్టేది బురద, బూజు, వేడి. ఎండలో మాత్రం పెట్టొద్దు, డాబా మీద నుంచి ఇవాళే కిందికి దించు. ప్లేయర్లో వేసి చూడొద్దు. బురదతో తిరిగితే ఇసుక రేణువులు పూతను గీకేస్తాయి, ప్లేయర్ హెడ్ కూడా పోతుంది.

ముందు వాటిని రెండు కుప్పలు చెయ్యి. మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి, ఐదు స్క్రూలు ఉన్నవి ఒక పక్క, స్క్రూలు లేకుండా అతికించేసినవి ఒక పక్క. స్క్రూలవి తేలిక. విప్పి, రెండు చక్రాలతో సహా టేపు చుట్టను బయటికి తీసి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెల్లగా కదిలించాలి. గుడ్డతో రుద్దకూడదు. నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. తర్వాత ఇంకో శుభ్రమైన క్యాసెట్ డొక్కులోకి మార్చి, పెన్సిలుతో ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పాలి. పొరలు అంటుకుని ఉంటే అక్కడే ఆగిపోవాలి, లాగకూడదు. అన్నీ సరిగ్గా ఉంటే ఒక్కసారి ప్లే చేసి, అదే సమయంలో కంప్యూటర్‌లోకి ఎక్కించేసుకోవాలి. రెండోసారి ప్లే అవుతుందన్న నమ్మకం ఉండదు.

ముందు బజారులో మళ్లీ దొరికే సినిమా క్యాసెట్‌తో చేసి చూడండి. మీ నాన్నగారి రేడియో టేపుల జోలికి మొదట వెళ్లొద్దు. అవి నా చేత్తో చేస్తాను. నా దగ్గర డెక్కు ఒకటి ఇంకా పనిచేస్తోంది, పోయిన నెలే బెల్టు మార్చాను.

క్లారినెట్_తెనాలి
డిసెంబరు 28, 2024, ఉదయం 9:05

స్క్రూలున్న ఖాళీ డొక్కులు నా దగ్గర ఓ నలభై ఉంటాయి. కొత్త పాటలు క్యాసెట్ పెట్టుకుని నేర్చుకునేవాళ్లం కదా, ఆనాటివి. టేపు నలిగిపోయింది, డొక్కులు బాగున్నాయి. తీసుకొస్తాను.

వీణ_టీచర్_సత్యనారాయణపురం
డిసెంబరు 28, 2024, ఉదయం 11:40

సుధ గారూ, మీ నాన్నగారు రేడియోలో ఏం ఎక్కించారో గుర్తుందా? భక్తిరంజని ఉంటే నాకు తప్పకుండా చెప్పండి. కంప్యూటర్‌లోకి ఎక్కించాక ఎవరు పాడారో గుర్తుపట్టి రాసిపెట్టే పని నాది.

సింగ్‌నగర్_సుధ
డిసెంబరు 28, 2024, రాత్రి 9:15

సంచి కిందికి దించాం. నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని కుప్పలు చేశారు. స్క్రూలవి 112, లేనివి ఇంకా ఎక్కువ. మీరందరూ రాసింది చదివి వినిపించాను. భక్తిరంజని, లలిత సంగీతం, కొన్ని నాటకాలు ఉన్నాయట టీచర్ గారూ. లేబుళ్ల మీద సిరా కొట్టుకుపోయింది కానీ డొక్కు రంగు చూసి ఏది ఏదో చెబుతున్నారు. నేను పక్కన కూర్చుని కాగితం మీద రాశాను.

కృష్ణలంక_కార్తీక్
డిసెంబరు 28, 2024, రాత్రి 9:32

జనవరి 2న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో పుస్తకాల పండగ మొదలవుతోంది కదా. 4వ తేదీ శనివారం సాయంత్రం ఐదింటికి గేటు దగ్గర కలుద్దామా? తెనాలి నుంచి, గుంటూరు నుంచి వచ్చేవాళ్లకి బస్టాండు నుంచి తేలిక. అక్క సంచి మోయడానికి నేను బండి మీద వెళ్తాను.

మిర్చి_ఘాటు
డిసెంబరు 28, 2024, రాత్రి 9:40

నేనూ తమ్ముడూ వస్తాం. డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు మేం తెస్తాం.

సింగ్‌నగర్_సుధ
డిసెంబరు 28, 2024, రాత్రి 10:10

మొదట పదకొండు తెస్తాను, అవి నాన్నే ఏరారు. సైడ్ బి గారూ, ఇంకో చిన్న సాయం అడగనా? నాన్న ఫోన్‌లో పాటలు వినరు. మా బాబుతో కలిసి విన్న హనుమాన్ పాటలు క్యాసెట్‌లోకి ఎక్కించి ఇవ్వడం వీలవుతుందా? ప్లేయర్ కొత్తగా కొన్నాం, దాంట్లో వేయడానికి క్యాసెట్ ఒక్కటీ లేదు.

సైడ్_బి
డిసెంబరు 28, 2024, రాత్రి 10:25

సీలు తీయని అరవై నిమిషాల టేపు ఒకటి బీరువాలో ఉంది తల్లీ. రెండు వైపులా లెక్క వేసి, ఏ పాటా తెగకుండా ఎక్కిస్తాను. మొదటి వైపు ఏ పాటతో మొదలుపెట్టాలో మీ బాబుని అడిగి చెప్పు.